మొగుడి పేరు చెప్పనందుకు మతి పోయిందని రాసిన విషయమై

మేపుల్ బ్రూక్ ఆసుపత్రి పెద్ద అధికారి గారికి,
అరోరా, ఇల్లినాయిస్.
1986 అక్టోబరు, గురువారం.

అర్జీదారు కర్రి శేషమ్మ, వయసు డెబ్భై దాటింది, వేలిముద్ర మనిషి. భర్త పేరు నేను చెప్పను. ఈ అర్జీ రాస్తున్న మా వీధి దామోదర్ గారికి తెలుసు, ఆయనే రాస్తారు: నరసింహ. కాపురం మా కొడుకు రామమోహన్, కోడలు విజయశ్రీల ఇంట్లో, కింది గదిలో. ప్రస్తుతం తమ ఆసుపత్రి రెండో అంతస్తులో, ఆడవాళ్ళ వార్డులో.

అయ్యా,

విషయం: నన్ను సోమవారం ముసలివాళ్ళ హోముకు పంపే ఉత్తర్వు రద్దుచేసి, నా భర్త మంచం పక్కన నా మంచం వేయించుట గురించి.

తమ సముఖమునకు విన్నవించునది ఏమనగా,

1. నాకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయినది. నా భర్తకు ప్రోస్టేట్ అనే గ్రంథిలో క్యాన్సర్; అది నడుము ఎముకలోకి పాకినదని తమ డాక్టరు సెలవిచ్చినారు. ఆయన నన్ను కుర్చీలోకి ఎత్తుతారు, తల దువ్వుతారు. జడ వంకరగా వస్తుంది, దానికి వేరే అర్జీ పెట్టుకోవాలి. నేను ఎడమచేత్తో ఆయన నడుముకు ఆముదం రాస్తాను, మాత్ర మింగారో లేదో నోరు తెరిపించి చూస్తాను. ఇద్దరం కలిస్తే ఒక మనిషి పని జరుగుతుంది. ఇంత చిన్న సంగతి తమ పెద్ద చదువుల్లో చెప్పకపోవుట విచారకరం.

2. పోయిన శనివారం నన్ను ఎత్తబోయి, ఆయనకు నడుం పట్టేసి, ఇద్దరం కిందపడ్డాము. ఏమీ విరగలేదు. అయినను అంబులెన్సులో తెచ్చి ఆయనను నాలుగో అంతస్తులోను నన్ను రెండో అంతస్తులోను పడవేసినారు. మగవాళ్ళ వార్డు వేరట. యాభై ఏళ్ళు పైబడి ఒక గదిలో పడుకున్నవాళ్ళ శీలానికి తమరు కాపలా కాయనక్కరలేదని మనవి.

3. తరువాత తమ సోషల్ ఆఫీసరమ్మ నా మతి పరీక్షించుటకు వచ్చినది. నా కొడుకును కూర్చోబెట్టి, మీ అమ్మ అన్నది అన్నట్టు ఇంగ్లీషులో చెప్పు, నీ సొంతం ఒక్క ముక్క కలపకు అని కట్టడి చేసినది. నీ భర్త పేరేమిటి అన్నది. మా ఇళ్ళలో ఆడది మొగుడి పేరు పలకదు. పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుంది. అందుకని మర్యాదగా, "సింహాచలం కొండ మీద ఉంటాడే, సింహం తల, మనిషి ఒళ్ళు, ఆ స్వామి పేరే" అన్నాను.

నా కొడుకు తల పట్టుకున్నాడు.

"అమ్మా, ప్లీజ్! పేరు చెప్పెయ్యవే, అయిపోతుంది."

"నీకు తెలుసు కదరా, నువ్వే చెప్పు."

"నేను హెల్ప్ చెయ్యకూడదంటోందమ్మా!"

"అయితే నేనన్నదే చెప్పు. నాకేం భయం?"

వాడు చెప్పాడు. మొగుడెవరమ్మా అంటే కొండ మీద ఉండే సింహం తల మనిషి అన్నదని ఆ మహాతల్లి కలం ఆపకుండా రాసుకున్నది. నాకు మతి పోయినదని, హోముకు పంపవలెనని తేల్చినది. వాడు ఆ తరువాత ఎంత మొత్తుకున్నా, కొడుకువి గనుక అలాగే అంటావు అన్నదట.

4. ఆమె చూపిన రెండో రుజువు, నా చేతిలో నీళ్ళ గ్లాసు నిలవదని, రోజూ పక్క తడుపుకుంటానని. కోడలు అలా చెప్పినది. దాని తప్పు లేదు, నేనే అలా నమ్మించాను. ఆ తడి నాది కాదు, నీళ్ళదీ కాదు. ఆయన జబ్బుది. దుప్పటి మార్చడానికి కోడలు మెట్లు దిగుతున్న చప్పుడు వినగానే ఆ తడి మీదికి నీళ్ళ గ్లాసు తోసేస్తాను. మగవాడు, కోడలి ముందు తలెత్తుకు తిరగాలి కదా. నా ఎడమచెయ్యి వణకదు. కావలెనన్న ఆఫీసరమ్మను చెంప ఇటు పెట్టమనండి, రుజువు చేస్తాను. ఈ నాలుగో అంశం మా కోడలికి వినిపించరాదు.

5. వృషణాలు తీసివేస్తే జబ్బు వెనక్కి తగ్గి, ఇంకొంత కాలం బతుకుతారని డాక్టరు అంటున్నారు. ఆయన సంతకం పెట్టనంటున్నారు. మగతనం పోతుందని దిగులనుకుని తమ వాళ్ళు ఒక పాదిరీ గారిని కూడా పంపినారు. నేను ఫోన్‌లో అడిగాను.

"ఈ వయసులో వాటితో మీకేం పనండీ, విత్తనాలకు దాచారా?"

నవ్వారు. నవ్వి, "అది కాదే. నేను కత్తి కింద ఉండగా నిన్ను పట్టుకుపోతారు. లేచాక నిన్ను ఎక్కడని వెతకను?" అన్నారు.

కావున నన్ను పంపుట అనగా ఆయనను చంపుట అని తమరు గ్రహించి, మతి లేదన్న రాత కొట్టివేయించి, సోమవారం లోగా రెండు మంచాలు ఒక గదిలో వేయించవలెను. ఇది దయ అని అడుగుట లేదు. తమ తప్పు దిద్దుకొమ్మని చెప్పుట. చిత్తగించవలెను.

తమ విధేయురాలు అని రాయాలంటున్నారు దామోదర్ గారు. ఎవరికి విధేయత? సరే, రాసుకోండి.

తమ విధేయురాలు,
కర్రి శేషమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర. కుడిచెయ్యి పడిపోయినందున.

సాక్షులు:
దామోదర్, రాసినవాడు.
అనంతలక్ష్మి, రాసినవారి భార్య. ఈమె కూడా ఆయన పేరు నా ఎదుట ఏనాడూ పలకలేదు. ఈమెకూ మతి పరీక్ష పెట్టించగలరు.

తా.క. దామోదర్ గారూ, ఇది కూడా రాయండి. ఆపరేషను అయితే ఆయన ఆయుష్షు పెరుగుతుందని డాక్టరు మాట ఇచ్చాడు కదా. పెరగనివ్వండి. అందులోంచి కొంచెం పోయినా తట్టుకుంటాం. ముందు ఆయన్ను నా పక్క మంచం మీద పడుకోబెట్టి, మీ ఆఫీసరమ్మను మళ్ళీ పంపండి. ఆయన వింటూ ఉండగా గట్టిగా చెబుతాను ఆ పేరు.