నానని మట్టి ముద్ద

నాయినమ్మా,

నువ్వు పోయిన ఏడాదికి, ఈ వానలకు తొర్రూరు ఇంట్లో నీ పొయ్యి పగిలింది. ఇక నీ చేతి పని ఏదీ మిగలదనుకున్నాను.

"మట్టేనాయె, నానబెడితె మళ్ల మెత్తగైతది" అంది అమ్మ. కాన్వెంటులో సిస్టర్ నాకు చెప్పిందీ, ఇప్పుడు నేను బడిలో పిల్లలకు చెబుతున్నదీ అదే. కొత్త పొయ్యి కోసం ముక్కలన్నీ తొట్టిలో వేసి నీళ్లు పోశాం.

తెల్లారి చూస్తే బయటి మట్టంతా బురదయింది. మంట తగిలిన చోటు మాత్రం కాలి, ఇటుకలా గట్టిపడి, నానలేదు. గిన్నె నిలవడానికి నువ్వు పెట్టిన మూడు ముద్దల్లో ఎత్తయినది చెక్కుచెదరలేదు. దాని మీద ఒక పక్కన నీ బొటనవేలి గుంట ఉంది.

అమ్మ ఆ గుంటలో తన వేలు పెట్టి చూసింది.

"గిదొక్కటి జర తగ్గించు అత్తా అని ఎన్నిసార్లు మొత్తుకున్న. ఇన్నదా?"

పారేస్తుందేమో అనుకున్నాను. కడిగి తెచ్చి, కొత్త పొయ్యి పచ్చి మట్టిలో దాన్నే నిలబెట్టింది.

పొయ్యి ఆరింది. ఇవాళ మొదటిసారి అన్నం వండాం. గిన్నె ఎప్పటిలాగే ఎడమకు ఒరిగింది. అమ్మ సరిచేయలేదు.