ఆరో అధ్యాయంలో నాలుగు నిమిషాలు

ఉప్పాడ,
ఏప్రిల్ 8

చిరంజీవి దేవిశ్రీకి అమ్మమ్మ ఆశీస్సులు.

నీ నవల మొదటి మూడు అధ్యాయాలు శుక్రవారం అందాయి. అడిగినట్టు కాగితం మీదే పంపావు, సంతోషం. ఫోనులో చదవడం రాక కాదు. ఫోనులో దిద్దడానికి మార్జిన్ ఉండదు.

రెండుసార్లు చదివాను. ప్రేమకథలో ప్రేమ ఉండడం తప్పు కాదు. కానీ ఈ మూడు అధ్యాయాల్లో నాయకుడు నాయిక వైపు పంతొమ్మిది సార్లు చూశాడు. కంప్యూటర్ వైపు రెండుసార్లు చూశాడు, అందులో ఒకటి దాన్ని ఆపెయ్యడానికి. కాఫీ మిషన్ దగ్గర నాలుగు సన్నివేశాలున్నాయి. ఆ ఆఫీసు ఏం తయారు చేస్తుందో చెప్పే వాక్యం ఒక్కటీ లేదు.

కథల యాప్ వాళ్లు 'నిజజీవితంలా ఉండాలి' అన్నారని రాశావు. చేనేత సంఘంలో ముప్పై ఒక్క ఏళ్లు చీరలు తనిఖీ చేశాను. ఎటో చూస్తూ నేసిన గుడ్డ చేతిలో పడగానే తెలిసిపోతుంది. ఇవీ అలాగే ఉన్నాయి. వాళ్లిద్దరూ ఏ పని చేస్తూ దగ్గరయ్యారో రాయి. పని తెలిస్తే మనుషులు తెలుస్తారు.

ఎర్ర సిరాతో దిద్ది పంపుతున్నాను. సముద్రం మళ్లీ రోడ్డు కోసింది. కాకినాడ బస్సు చుట్టూ తిరిగి వెళ్తోంది. ఉత్తరం ఆలస్యమైతే కారణం అదే అనుకో.

ఇట్లు,
అమ్మమ్మ సత్యవాణి


రాజమండ్రి,
ఏప్రిల్ 20

ప్రియమైన అమ్మమ్మకి,

నీ ఎర్ర సిరా చూసి మా హాస్టల్ పిల్లలు ఎవరికో దెబ్బ తగిలిందనుకున్నారు. తిట్టుకుంటూనే మళ్లీ రాశాను. ఈసారి ఏడు అధ్యాయాలున్నాయి.

మా పని కూడా పెట్టాను. మేం రొయ్యల చెరువులకి మీటర్లు పెడతాం. నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే రైతు ఫోను మోగుతుంది. ఆయన లేచి, నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు వేసుకుంటాడు. ఆ ఫోను ఎప్పుడు మోగాలో చెప్పే ప్రోగ్రాం నేను రాస్తాను. కానీ నేను రాసింది సరాసరి చెరువుల దాకా వెళ్లదు. ఇంకొకరు చదివి, ఒప్పుకుని, అప్రూవ్ నొక్కాలి. ఆ తర్వాత టెస్టింగ్ వాళ్లు పరీక్షించాలి.

నాది చదివేది ఉదయభాస్కర్. అమ్మ చెప్పే ఉంటుంది. జూన్ తొమ్మిదిన సామర్లకోటలో వాళ్లింట్లోనే మా నిశ్చితార్థం అనుకుంటున్నారు. మొదటిసారి నా ప్రోగ్రాం పదకొండు తప్పులతో వెనక్కి పంపాడు. బాత్‌రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను. తిరిగొచ్చి చూస్తే పన్నెండో తప్పు నాకే కనబడింది. అదీ రాసి పంపాను. "ఏంటండీ, నా ఉద్యోగం కూడా మీరే చేసేస్తారా?" అన్నాడు. మా కథ అక్కడే మొదలైంది. నవల కూడా ఇప్పుడు అక్కడే మొదలవుతుంది.

నిజానికి ఇది నీ కథే. తాతయ్య నేసిన చీర నువ్వు మూడుసార్లు వెనక్కి పంపావని, నాలుగోసారి చీరతోపాటు మనిషి కూడా పాసయ్యాడని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో!

నీ మనవరాలు,
దేవిశ్రీ


ఉప్పాడ,
మే 6

చిరంజీవి దేవిశ్రీకి ఆశీస్సులు.

ఏడు అధ్యాయాలూ చదివాను. పదకొండు తప్పుల సన్నివేశం బాగుంది. అందులో ఎర్ర సిరా వాడలేదు.

రెండు సందేహాలున్నాయి.

రెండో అధ్యాయంలో నాయిక రాసిన ప్రోగ్రాం నలభై వరుసలు చదవడానికి నాయకుడికి రెండు రోజులు పట్టింది. ఆరో అధ్యాయంలో ఆరువందల పన్నెండు వరుసలు నాలుగు నిమిషాల్లో ఒప్పుకున్నాడు. ఇద్దరూ రైలుకి వెళ్లాలన్నావు. అంకెలు వేసి చూశాను, ఎలా వేసినా కుదరలేదు. ఒకటి నువ్వు సమయం తప్పు రాసి ఉండాలి. లేకపోతే అతను చదివి ఉండకూడదు.

రెండోది. ఏడో అధ్యాయంలో ఫోను మోగక ఒక చెరువులో రొయ్యలన్నీ చచ్చిపోయాయి. 'సరిగ్గా పరీక్షించనందుకు రేవతిని ఉద్యోగం నుంచి తీసేశారు' అని సగం వాక్యం రాశావు. మిగతా సగంలో నాయకుడు నాయికకి నిశ్చితార్థపు చీర కొంటున్నాడు. రేవతి ఎవరు? ఆ ఆరువందల పన్నెండు వరుసలు అసలు ఆమె దగ్గరికి వెళ్లాయా? ఒక మనిషిని కథలోకి తెచ్చి గుమ్మం బయట వదిలేశావు.

నీ నాయకుడూ, మీ ఉదయభాస్కరూ ఒకే పని చేస్తారు కాబట్టి అడుగుతున్నాను. ఇది కల్పనేనా?

అమ్మమ్మ


రాజమండ్రి,
మే 27

ప్రియమైన అమ్మమ్మకి,

జవాబు ఆలస్యమైంది. ఆఫీసులో పని ఎక్కువగా ఉంది.

కథ కథే అమ్మమ్మా. నాలుగు నిమిషాలని రాస్తే ఎవరూ గడియారం పెట్టుకుని చదవరు. యాప్ వాళ్లకి రేవతి అక్కర్లేదు, జంట కావాలి. ఉదయ్ కూడా చదివాడు. "ఏడో అధ్యాయం కొంచెం తగ్గిస్తే బాగుంటుంది" అన్నాడు. తగ్గిస్తున్నాను.

అయినా ఎదుటి మనిషి మీద నమ్మకం కుదిరాక ప్రతి వరుసా ఎందుకు చదవాలి? నీ మాటే తీసుకో. నాలుగోసారి తాతయ్య చీర తెచ్చినప్పుడు అన్ని పోగులూ లెక్కపెట్టావా?

దేవిశ్రీ


ఉప్పాడ,
మే 30

చిరంజీవి దేవిశ్రీకి.

లెక్కపెట్టలేదు.

నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను. మీ అమ్మకి ఈ సంగతి తెలియదు.

జమ్‌దానీ మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. బుటాలు, అంటే చీర మీది పువ్వులు, ఎడమ సగం ఒకరివి, కుడి సగం ఇంకొకరివి. గుడ్డ రెండు వైపులా ఒకేలా ఉండాలి. అందుకే తనిఖీ బల్ల మీద ముందు ఒక వైపు చూసి, తిరగేసి రెండో వైపు చూడాలి. మీ తాతయ్య ఎడమవైపు కూర్చునేవారు. కుడివైపు లక్ష్మి అని, పక్కింటావిడ. మూడు చీరలు వెనక్కి పంపిన మాట నిజం. నాలుగోది తెచ్చిన రోజుకి మా పెళ్లి మాట నడుస్తోంది. నేను ఒక వైపు చూసి ముద్ర వేశాను. తిరగేసి చూడలేదు.

నెల తిరక్కుండా కొన్నవాళ్లు ఆ చీర వెనక్కి పంపారు. ఎడమ సగంలో పదకొండు బుటాల వెనక పోగులు వేలాడుతున్నాయి. కార్యదర్శి రిజిస్టర్ నా ముందు పెట్టి, తప్పు ఏ వైపు నేసినవాళ్లదో రాయమన్నారు. 'కుడి' అని రాశాను.

లక్ష్మికి సంఘం పని ఇవ్వడం మానేసింది. ఆమె తలమీద చేపల తట్ట పెట్టుకుని ఊళ్లు తిరిగింది. ఆరు వారాలకి నాకు పెళ్లయింది.

మీ తాతయ్యకి తెలుసు. ఆ విషయం నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ తర్వాత ఆయన నేసిన చీర ఒక్కటి కూడా నా బల్ల మీదికి రాలేదు. తనిఖీకి పిఠాపురం పట్టుకెళ్లేవారు. ముప్పై ఎనిమిదేళ్లు కలిసి బతికాం, దెబ్బలాడుకోలేదు. నాకు ఏ నష్టమూ జరగలేదు. నీకు చెప్పాలనుకున్నది అదే.

సముద్రం దగ్గరికొచ్చిందని సంఘం భవనం మార్చినప్పుడు పాత రిజిస్టర్లు పారేశారు. అదొక్కటి నేను ఇంటికి తెచ్చుకున్నాను. బీరువాలో ఉంది.

ఏం చెయ్యాలో నేను చెప్పను. ఏడో అధ్యాయం మాత్రం తగ్గించకు.

అమ్మమ్మ


రాజమండ్రి,
జూన్ 14

ప్రియమైన అమ్మమ్మకి,

రేవతి అసలు పేరు సత్యకుమారి. నలభై మూడేళ్లు. పిల్లలు పెద్దయ్యాక, పద్నాలుగేళ్ల తర్వాత మళ్లీ ఉద్యోగంలో చేరారు.

ఆ ఆరువందల పన్నెండు వరుసలు నావే. మీటరు నుంచి రీడింగ్ రాకపోతే, చివరిసారి వచ్చిన రీడింగునే చూపించేలా రాశాను. అలా చేస్తే తెర ఖాళీగా కనబడదని. ఆ సాయంత్రం మేమిద్దరం సామర్లకోట వెళ్లాలి, వాళ్ల అమ్మానాన్నల్ని కలవడానికి. ఉదయ్ నాలుగు నిమిషాల్లో అప్రూవ్ నొక్కాడు. 'చిన్న మార్పు, పరీక్ష అక్కర్లేదు' అని నేను పెట్టాను. సత్యకుమారి గారి దగ్గరికి అది వెళ్లనే లేదు. మూడో రోజు అమ్మిరాజు గారి చెరువులో మీటరుకి నాచు పట్టి రీడింగ్ ఆగిపోయింది. తెర మీద పాత అంకె అలాగే నిలబడింది. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయినా ఫోను మోగలేదు.

నలభై మంది ఉన్న మీటింగులో మా హెడ్ ఆవిడని నిలబెట్టి, "ఇది మీరు పట్టుకోవాల్సింది కదండీ" అన్నారు. ఆవిడ మా ఇద్దరి వైపూ చూశారు. ఉదయ్ బల్ల వైపు చూస్తున్నాడు. నేనూ అంతే. నోటీసు ఇచ్చారు. జూన్ ఏడు ఆఖరి రోజు.

నీ ఉత్తరం మూడో తారీఖున వచ్చింది. ఆ రోజే ఉదయ్‌తో చెప్పాను. "తొమ్మిదో తారీఖు దాటనీ. మన ఇద్దరి పేర్లూ బయటికొస్తాయి. ఇంట్లో ఏం చెప్తాం?" అన్నాడు. నేను వాదించలేదు. జరిగింది జరిగినట్టు, గంటా నిమిషంతో సహా హెడ్‌కి ఒక లేఖ రాశాను. మా పద్ధతి ప్రకారం, పంపేముందు చదవమని ఉదయ్‌కి పెట్టాను.

రెండు రోజులు తన దగ్గరే ఉంచుకున్నాడు. మాట్లాడలేదు, భోజనానికి కూడా రాలేదు. ఇక తెగిపోయిందనే అనుకున్నాను. ఐదో తారీఖు సాయంత్రం ఒకే ఒక్క దిద్దుబాటుతో తిరిగొచ్చింది. 'హడావిడిలో ఒప్పుకున్నారు' అని నేను రాసినచోట కొట్టేసి, 'తెరిచి చూడలేదు' అని పెట్టాడు. కింద తన పేరు రాశాడు.

ఆరున పంపాం. సత్యకుమారి గారి నోటీసు రద్దయింది. నేను క్షమాపణ చెప్పబోతే, "ఇక్కడ గదిలో వద్దండీ. ఆ నలభై మంది ముందు చెప్పండి. తప్పు నాదని అక్కడే చెప్పారు కదా" అన్నారు. అక్కడే చెప్పాం. ఇంకొకరి ప్రోగ్రాం ఒప్పుకునే అధికారం ఇద్దరికీ తీసేశారు. ఉదయ్‌కి రావాల్సిన ప్రమోషన్ ఆగిపోయింది. అమ్మిరాజు గారి దగ్గరికి ఇద్దరం వెళ్లాం. కోపంగా ఏమీ అనలేదు. "మీటరు కొనకముందు నేనే లేచి చూసుకునేవోణ్ణమ్మా. మీరున్నారని పడుకున్నాను" అన్నారు.

తొమ్మిదిన నిశ్చితార్థం జరగలేదు. వాళ్ల నాన్నగారు ఆగుదాం అన్నారు. ఎప్పటిదాకా అన్నది చెప్పలేదు. ఉదయ్ రోజూ మాట్లాడుతున్నాడు.

ఏడో అధ్యాయం మళ్లీ రాసి పంపుతున్నాను. రేవతికి ఇరవై రెండు పేజీలు పట్టాయి. యాప్ వాళ్లు ఇందులో ప్రేమ ఎక్కడుందని అడిగారు.

దేవిశ్రీ


ఉప్పాడ,
జూన్ 22

చిరంజీవి దేవిశ్రీకి అమ్మమ్మ ఆశీస్సులు.

ప్రేమ ఎక్కడుందని అడిగితే, రెండు రోజులు ఉంచుకుని వెనక్కి పంపిన ఆ లేఖ దగ్గర ఉందని చెప్పు. ఆ సన్నివేశం నవలలో కూడా పెట్టు. అతన్ని ఒకసారి ఇక్కడికి తీసుకురా. నిశ్చితార్థం ఎప్పుడని నేను అడగను.

బుధవారం రిజిస్టర్ సంచిలో పెట్టుకుని పిఠాపురం వెళ్లాను. లక్ష్మి కూతురి దగ్గర ఉంటోంది. కళ్లు సరిగ్గా కనబడవు.

"ఎవరండీ?"

"సంఘం సత్యవాణిని."

"ఓహో. ఇన్నాళ్లకి దారి కనబడిందాండీ?"

పేజీ తెరిచి, నేను రాసింది రాసినట్టు చదివి వినిపించాను.

"కుడి నాది కదండీ" అంది.

"తప్పు ఎడమది."

"తెలుసండీ. పక్కన కూర్చుని నేసినదాన్ని. ఏ చెయ్యి ఎక్కడ తొందరపడిందో నాకు తెలీదా?"

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"మీరు నన్ను అడగలేదు కదండీ."

ఆమే మళ్లీ, "దిద్దడానికి కలం తెచ్చారా?" అని అడిగింది. తెచ్చాను. 'కుడి' కొట్టేసి 'ఎడమ' అని రాశాను. పక్కన నా సంతకం, ఆ బుధవారం తేదీ వేశాను. తన వేలికి సిరా రాసి, పట్టుకుని ఆ వరుస మీద పెట్టమంది లక్ష్మి. పెట్టాను. వేలిముద్ర వేసింది. ఆలస్యం నలభై తొమ్మిదేళ్లు. క్షమించమని నేను అడిగాను. ఆమె టీ పెట్టమని కూతురికి చెప్పింది.

ఏడో అధ్యాయం దీనితోపాటు వెనక్కి పంపుతున్నాను. దిద్దుబాట్లు లేవు. కాగితాలన్నీ తిరగేసి కూడా చూశాను.

అమ్మమ్మ