ఎలుకకు మందు

జక్రయ్య అన్నయ్యకు,

నువ్వు కనిగిరి బస్సులో పంపిన పొట్లం అందింది. ఎలుకకు మందు కావాలని ఫోన్లో అడిగితే, నీ పురుగుమందుల కొట్లోంచి ఎలుకల్ని చంపే మందు పంపావు. తప్పు నాదే కావచ్చు, మన వైపు ఆ మాటకు ఇంకో అర్థం లేదు. నేనడిగింది జబ్బు తగ్గే మందు.

నేను పెంచుకునే తెల్ల ఎలుక సగ్గుబియ్యానికి పొట్ట కింద గడ్డ లేచింది. మిరప బస్తాలు కొరికే జాతికి ఇంత సేవా అంటావు. అవును, ఇంత సేవే. గుంటూరులో పశువుల డాక్టరు దగ్గర, గేదెల వరసలో చెప్పుల పెట్టె పట్టుకుని నిలబడ్డాను.

"ఏందమ్మా, ఎలుక్కా?" అన్నారు వెనక నుంచి ఎవరో, నవ్వుతూ.

"అవునండి, ఎలుక్కే" అన్నాను.

డాక్టరు గారు మాత్రం నవ్వలేదు. "ఇది తగ్గదమ్మా. తిండి మానేసిన రోజు తీసుకురండి, నొప్పి తెలియకుండా సూది వేస్తాను" అన్నారు.

నిన్నటిదాకా నా వేలి మీది పెరుగన్నం నాకింది. ఈ ఉదయం మొహం తిప్పుకుంది.

రేపు తీసుకెళ్తున్నాను. సూది వేసేటప్పుడు నా అరచేతిలోనే ఉంటుంది. అందుకు ఎవరికీ సంజాయిషీ చెప్పను.

నీ పొట్లం తిప్పి పంపుతున్నాను. ఇకమీదట ఎవరైనా ఎలుకకు మందు అడిగితే, జబ్బేమిటో ముందు అడుగు.

నీ చెల్లెలు