మామ్మ పక్కన నువ్వు

పిన్నీ,

నువ్వు పోయి ఇవాల్టికి ఏడాది. మెడిసిన్ చదివే మా అమ్మాయి పూతరేకు తింటూ మామ్మ మతిమరుపు జబ్బు గురించి చెప్పింది. మెదడులో ఆస్ట్రోసైట్లని నక్షత్రాల్లాంటి కణాలుంటాయట. నరాల కణాలకు తిండి అందించి, కనిపెట్టుకుని ఉంటాయట. ఆ జబ్బులో అవీ దెబ్బతిని, ఒక్కోసారి కాపాడాల్సినవాటికే హాని చేస్తాయట.

నువ్వే గుర్తొచ్చావు. పూతరేకులు తీసే మామ్మ, పొయ్యి వెలిగించడం మరిచిపోయి, చల్లటి కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ పరిచేది. రేకు వచ్చేది కాదు. నువ్వు ఏళ్ల తరబడి నీ రేకుల్ని ఆవిడ ముందు పెట్టి, "ఇవన్నీ మీరు తీసినవేనండీ అత్తయ్యగారూ" అనేదానివి. ఒక్కరోజు విసిగిపోయి ఆవిణ్ణి కొట్టావు. ఆ తర్వాత ఎవరమూ నీతో సరిగ్గా మాట్లాడలేదు.

"ఇన్నాళ్లూ డాక్టర్లు నరాల కణాలనే చూసేరమ్మా. వీటి వంక ఇప్పుడిప్పుడే చూస్తున్నారు" అంది అమ్మాయి.

మేమూ మామ్మనే చూశాం పిన్నీ.