పగడం మీదికి తిరిగిన పంపు

తమ్ముడూ, లేవగానే ఉప్పునీళ్ళ చేపల తొట్టిలో పంపును మళ్ళీ అద్దంవైపు తిప్పు. తెల్లబడిన పగడాన్ని మాత్రం ముట్టుకోకు. దాని కండ ఒక పక్కనే ఊడి లోపలి ఎముక బయటపడింది. చేప కొరికితే అక్కడో గాటు, ఇక్కడో గాటు ఉండేది. రోగమైతే అడుగునుంచి చుట్టూ పాకేది. ఇది పంపు ధార నేరుగా తగిలిన దెబ్బే. నేను తిప్పలేదు. నాన్నకు ఆ తొట్టి పేరెత్తితేనే చిర్రెత్తుకొస్తుంది. ఇక మిగిలిందెవరు? సాయంత్రం నా ముందు బుకాయించకు.
అక్క

ఆగు. ఇప్పుడే బట్టలు నానబెడుతుంటే చూశాను, నాన్న చొక్కా చెయ్యి మోచేతిదాకా ఉప్పు కట్టి అట్టలా ఉంది. వెళ్ళి ఆయన కుర్చీలో కూర్చున్నాను. పంపు అలా తిప్పితేనే దాని వెనకున్న చేప గూడు అక్కడికి కనబడుతోంది. పంపు తిప్పేశాక ఆ కుర్చీని కూడా కిటికీవైపు జరుపు, అక్కడినుంచైతే గూటికి పంపు అడ్డురాదు. అడిగితే ఊడుస్తూ జరిపానని బుకాయించు.