రాయి పట్టిన కందిరీగ

ఇచ్చోడ, 1987

అక్టోబర్ 12
బడి నుంచి రాగానే అత్త చెయ్యి పట్టి పత్తిచేను గట్టు మీదికి లాక్కుపోయింది. సన్న నడుము కందిరీగ ఒకటి. పచ్చపురుగును ఈడ్చుకొచ్చి బొరియలో పెట్టింది, మన్ను కప్పింది... ఆపైన నోట చిన్న రాయి పట్టి ఆ మన్నును దంచింది! అచ్చం దిమ్మిసతో నేల గట్టిచేసినట్టు. పొద్దునే ఏడో తరగతికి చెప్పొచ్చాను — పనిముట్టు పట్టేది మనిషి ఒక్కడే అని. అత్త నవ్వు ఆగదు. "మీ పుస్తకం రాసినోడు గట్టు మీద కూసోలే బిడ్డా."

అక్టోబర్ 13
తప్పు చెప్పానని పిల్లల ముందు ఒప్పుకున్నాను. హాయిగా ఉంది.

అక్టోబర్ 18
అత్తకు ఆహారపు గొలుసు పాఠం. ఎండ ఆకులోకి, ఆకు పురుగులోకి, పురుగు కందిరీగ పిల్లలోకి. మెట్టు మెట్టుకూ శక్తి ఖర్చయిపోయి పదోవంతే మిగులుతుందన్నాను. "అందుకేనా, కుండెడు వండినా నువ్వింత బక్కగున్నవ్?" ఇంకో ముద్ద వేసింది.

అక్టోబర్ 24
మస్కట్ నుంచి ఆయన ఉత్తరం. అత్తకు చదువు రాదు, నేనే చదివి వినిపించాలి. "అందరూ మందు కొడుతున్నరట. చేనూ గట్టూ విడవకుండ కొట్టించు." అత్త అప్పుడే బొరియల పక్కన పుల్లలు గుచ్చి వచ్చింది, ఎవరూ తొక్కొద్దని. చేతులకు ఇంకా మన్ను. ఆ రెండు మాటలు చదవకుండా దాటేశాను.

అక్టోబర్ 29
పత్తికాయలకు బొక్కలు. మొన్న ఇన్ని లేవు. పంట పోతే... ఆయన అక్కడ ఎండలో పడ్డ కష్టమంతా ఈ చేనులోనే ఉంది. భయంగా ఉంది. అత్త పుల్లలు లెక్కబెడుతోంది — ఆరు.

అక్టోబర్ 30
చెప్పేద్దామని నోరు తెరిచాను. అత్తే అంది — "మందు కొట్టుమని రాసిండు గదా వాడు?"
ఎలా తెలుసని అడిగాను.
"నా కొడుకు నాకెర్క లేదా? సదువుతుంటే ఆడికొచ్చి నీ గొంతు ఆగింది." కోపం లేదు. నెత్తి మీద చెయ్యి వేసింది. ఏడ్చేశాను. ఎంత ఇష్టమో ఈ మనిషంటే.
"మందు కొట్టడానికి పోశన్నను పిలిపిద్దామా అత్తమ్మా?"
"మందు కొడితే గవి సస్తయ్. కొట్టకపోతే పత్తి సస్తది. సదువుకున్నదానివి, నువ్వే చెప్పు."

అక్టోబర్ 31
నేను కబురు పెడితే పోశన్న మందుపంపు వీపుకేసుకుని వచ్చాడు. అత్త పోయి గట్టు మీద కూర్చుంది, పుల్లల మధ్య, కాళ్లు చాపుకుని. నా వైపు చూడదు.
"టీచరమ్మా, కొట్టాల్నా వద్దా?"
రేపు రమ్మన్నాను.
ఇంటికి లేచేటప్పుడు అత్త ఇంకో పుల్ల గుచ్చింది. ఏడోది. కాయల బొక్కలు నేను లెక్కబెట్టలేదు.