లెక్కించని ఓట్లు

1988, శ్రావణ శుక్రవారం, రాత్రి

నిర్మల్ మున్సిఫ్ కోర్టులో ఇవాళ మా ఆయన కేసు కొట్టేశారు.

సర్పంచ్ ఎన్నికలో కొద్ది ఓట్లతో ఓడిపోయారన్నారు. మా నేతగాళ్ల వాడకట్టు ఓట్ల కట్ట ఒకటి లెక్కలోకే రాలేదని ఈయన బాధ. తిన్నగా హైదరాబాద్ హైకోర్టుకు పోయారు. "పెద్ద అన్యాయమైనప్పుడు పెద్ద కోర్టుకే పోవాలె గద" అన్నారు అప్పుడు. అక్కడేమో ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికల తగాదాలే వింటామనీ, సర్పంచులవి మీ మున్సిఫ్ కోర్టులోనే వేసుకోవాలనీ చెప్పి పంపారు. తిరిగొచ్చి ఇక్కడ వేసేసరికి గడువు దాటిపోయింది.

జడ్జి గారు ఆ ఆలస్యం ఒక్కటే చూశారు. ఓట్ల ఊసే ఎత్తలేదు.

"నిజమేందో సూడరా సారూ?" అని ఈయన వకీలును అడిగారు.

"గడువు దాటినంక గా జోలికే పోరు తమ్మీ" అని వకీలు తల దించుకున్నాడు.

బస్సులో దారంతా ఈయన కోర్టు కాగితాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఏమని పలకరించను?

ఇంట్లో అడుగు పెట్టగానే అత్తమ్మ, "గెలిచినవా బిడ్డా, ఓడినవా?" అని అడిగింది.

"లెక్కనే పెట్టలే అవ్వా."

"అయితే ఇంక పెడుతరా?"

ఈయన మగ్గం గదిలోకి పోయి, దీపమైనా పెట్టుకోకుండా కూర్చున్నారు. అన్నానికి పిలిస్తే రాలేదు. ఇప్పటికీ అక్కడే ఉన్నారు.

పడుకోబోతూ అత్తమ్మ, ఆ ఓట్లు లెక్కపెడతారా అని మళ్లీ నన్ను అడిగింది. పెడతారనే చెప్పాను.